మేకుకు తగిలించిన నీలం పట్టీ

మా ప్రార్థన హాలు వెనక గోడను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. తెల్లటి గోడ, దానికి వరసగా మేకులు. ఒక మేకుకు చంకకర్ర, ఒకదానికి మెడ బెల్టు, ఇంకోదానికి దళసరి అద్దాల కళ్ళజోడు. స్వస్థత పొందినవాళ్ళు ఇక వీటితో పని లేదని వదిలేసినవి. హాలుకు కొత్తగా ఎవరొచ్చినా పాస్టరుగారు ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్తారు. కళ్ళజోడు వదిలేసిన పెద్దాయన ఆ తర్వాత నేను పనిచేసే మందుల షాపుకు వచ్చి, డబ్బా మీద అక్షరాలు కనబడక నా చేతే చదివించుకున్నాడు. సరే, ఆయన సంగతి ఆయనది. నా కోపమంతా చివరి మేకు మీద. దానికి మా పెద్దమ్మ పట్టీ వేలాడేది. దెబ్బ తిన్న చెయ్యి కదలకుండా మెడలో వేసుకుని ఆనించుకునే నీలం గుడ్డ పట్టీ.

అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "దుప్పట్లు మడతపెట్టేసరికే సాయంత్రమవుతోంది, ఇంక మొగుణ్ణెక్కడ మడతపెట్టను" అనేది. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీలో ఆవిడ పని. చేతికి అలవాటైపోయి ఇంట్లో కూడా కనిపించిందల్లా మడతపెడుతుంది. చదివేసిన పేపరు, ఖాళీ సంచి, చివరికి చాక్లెట్ కాగితం కూడా నాలుగు మూలలూ కలవాల్సిందే. చిన్నప్పుడు నేను అలిగి ముడుచుకుని పడుకుంటే, నిన్ను కూడా మడతపెట్టి బీరువాలో పెట్టేస్తానని బెదిరించేది. ముక్కు మీద కోపం నాకు అమ్మ నుంచి వచ్చింది. పెద్దమ్మకు కోపం రావడం నేను చూడలేదు. అదే ఆవిడతో వచ్చిన చిక్కు.

సంఘంలో అందరూ ఆవిడను ఇస్త్రీ అక్క అనేవారు. ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే కనుక ఆ పేరు వచ్చింది. కానీ అసలు పని ఇస్త్రీ కాదు, కుర్చీలు. మా ప్రార్థన హాలు మేడ మీద ఉంటుంది. అద్దెకు తీసుకున్నది. సోమవారం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా అందులో కుట్టుపని నేర్పుతారు. అందుకని మడత కుర్చీలన్నీ పక్క గదిలో గోడకు చేరేసి ఉంటాయి. అన్నీ ఇనప కుర్చీలే. ఆదివారం తెల్లవారకముందే ఒకరు వెళ్ళి కుట్టుమిషన్లు ఓ పక్కకు నెట్టి, నేల తుడిచి, ఆ కుర్చీలన్నీ మోసుకొచ్చి వరసల్లో వేయాలి. ఆరాధన అయ్యాక మళ్ళీ మడిచి, మోసి, లోపల పెట్టాలి. ఆ ఒకరు మా పెద్దమ్మ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పెద్దమ్మే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా పాస్టరుగారికి విశ్రాంతి దినం విషయంలో మహా పట్టుదల. ఆదివారం పొయ్యి వెలిగించకూడదు, బజారుకు వెళ్ళకూడదు, చొక్కా గుండీ ఊడినా సూదిలో దారం ఎక్కించకూడదు. ఒకసారి ఒక డ్రైవర్ అన్న ఆదివారం బండి తీశాడని తెలిసి, అందరి ముందూ నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. మందుల షాపుకు ఆదివారం సెలవు ఉండదు కాబట్టి ఆయన లెక్కలో నేను సగం పాపిని. మరి తెల్లవారకముందు లేచి ఇనప కుర్చీలు మోసే మనిషి మాటేమిటని నేనొకసారి అడిగాను. ఆయన నవ్వి, అది పని కాదమ్మా, పరిచర్య అన్నారు. పెద్దమ్మ కూడా తలూపింది. మనిషి నడుం విరిగే చాకిరీకి అంత మంచి పేరు దొరికాక ఇక దాన్ని ఎవరు తగ్గిస్తారు.

ఒక రోజు లాండ్రీలో మిషన్లోంచి తడి దుప్పట్ల మూట ఎత్తుతుంటే పెద్దమ్మ కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్కాన్ తీయించి, ఆ ఫిల్ములు చూసి, కండను ఎముకకు పట్టి ఉంచే పోగు సగం చిరిగిందని చెప్పాడు. ఆపరేషన్ అక్కర్లేకుండా అదే అతుక్కోవచ్చు, కానీ చెయ్యి పట్టీలోనే ఉండాలి, ఏ బరువూ ఎత్తకూడదు, చెయ్యి పైకి లేపకూడదు అన్నాడు. మిగతా సగం కూడా చిరిగితే ఆ చెయ్యి ఇక పైకి లేవదని పెద్దమ్మ కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. ఆ చేతితోనే కదా ఆవిడ బతుకు. నేను మా షాపు నుంచి నీలం పట్టీ తెచ్చి మెడలో వేశాను.

లాండ్రీ సూపర్‌వైజర్ దేవుడి పేరెత్తితే మొహం చిట్లించే మనిషి. ఆయన పెద్దమ్మ పట్టీ చూసి, ముందు ఇంటికెళ్ళి పడుకోమన్నాడు. తిరిగొచ్చాక కూడా డాక్టరు సరేననే దాకా తువ్వాళ్ళు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చుంటే చాలన్నాడు. ఇంకొకరితో మూటలు ఎత్తిస్తానన్నాడు. నమ్మకం లేనివాడు అంత మంచి మాట అన్నాడు. సంఘంలో మాత్రం ఆ ఆదివారం కుర్చీలు ఎవరు వేస్తారని ఎవరికీ అనిపించలేదు. పెద్దమ్మ పట్టీలో ఒక చెయ్యి, ఇంకో చేత్తో ఒక్కో కుర్చీ ఈడ్చుకుంటూ వేసింది. నేనూ వెళ్ళి మోశాను కానీ, షాపులో డ్యూటీ ఉన్న ఆదివారాల్లో ఆవిడ ఒక్కతే. మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ పట్టీ చూసి అయ్యో అక్కా, నీ కోసం ప్రార్థన చేస్తున్నాం అన్నారు. అని, ఆవిడ వేసిన కుర్చీల్లోనే కూర్చున్నారు.

తర్వాత స్వస్థత కూడిక పెట్టారు. బయటి నుంచి పేరున్న ప్రసంగీకుడు ఒకాయన వచ్చాడు. పాటలు, డప్పులు, చెమటలు, హాలంతా ఊగిపోతోంది. ఆయన పట్టీ చూసి పెద్దమ్మను ముందుకు పిలిచాడు. నమ్ముతున్నావా అమ్మా అన్నాడు. నమ్ముతున్నానయ్యా అంది. నిజంగానే నమ్మింది, మా పెద్దమ్మకు నటించడం రాదు. భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, పట్టీ తీసి, చెయ్యి ఎత్తమన్నాడు. ఎత్తింది. తల దాటి పూర్తిగా ఎత్తింది. ఆ క్షణం ఆవిడ కింది పెదవి పళ్ళ కింద నలగడం నేను చూశాను. మిగతా హాలు చూడలేదు. స్తోత్రాలతో పైకప్పు ఎగిరిపోయింది. పాస్టరుగారు సుత్తి తెప్పించి అక్కడికక్కడే మేకు కొట్టించి ఆ పట్టీ తగిలించారు.

నేను దేవుడు బాగుచేయలేడని అనడం లేదు. ఆ రోజు సాయంత్రం దాకా నొప్పి లేదని పెద్దమ్మ చెప్పింది, ఆవిడ మొహం అంత వెలుగుతో ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నా గొడవ దేవుడితో కాదు. మర్నాడు పొద్దున జడ వేసుకోబోతే చెయ్యి మెడ దాకా కూడా రాలేదు. అద్దం ముందు అలాగే నిలబడిపోయింది. నేనే జడ వేసి, షాపులో అట్టపెట్టె నిండా పట్టీలున్నాయి, ఇంకోటి తెస్తానన్నాను. వద్దంది. అంతమంది ముందు దేవుడిచ్చిన దాన్ని తిప్పికొట్టినట్టవుతుందంది. కొత్త పట్టీ వేసుకుని వీధిలోకి వెళ్తే సంఘం వాళ్ళెవరైనా చూడకపోరు. చూస్తే దేవుడి మాట అబద్ధమైందని నవ్వుతారు, నా మూలంగా ఆయనకు మాట రాకూడదు అంది.

అలా మొదలైంది ఆ పిచ్చి. ఇంట్లో తలుపు గడియ వేసుకుని, దిండు గలీబును మూలల్లో ముడివేసి మెడలో వేసుకుని, అందులో చెయ్యి పెట్టుకుని కూర్చునేది. బెల్లు మోగితే తీసి మంచం కింద దాచేది. దొంగసొత్తు దాచినట్టు తన సొంత నొప్పిని దాచుకునేది. లాండ్రీలో సంఘం మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ అప్పటికే అందరికీ చాటింపు వేసేసింది. సూపర్‌వైజర్ పెద్దమ్మను పిలిచి, నిజంగా బాగైందా, డాక్టరు చూశాడా అని అడిగాడట. ఈవిడ బాగైందంది. ఆయన ఇంకోసారి అడిగాడట. ఇంకోసారి అదే చెప్పింది. ఆయన భుజాలెగరేసి తువ్వాళ్ళ బల్ల దగ్గర్నుంచి లేపి తిరిగి మూటల దగ్గరికి పంపాడు. ఆయన్ని ఏమనగలను. జబ్బుమనిషి కూర్చోవచ్చు, బాగైన మనిషి ఎందుకు కూర్చోవాలి.

అంతటితో ఆగినా బాగుండేది. ఇక ప్రతి ఆదివారం సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు, ఇస్త్రీ అక్కా, ఒకసారి లేచి చెయ్యి ఎత్తమ్మా, కొత్తవాళ్ళు చూడాలి అనేవారు. ఈవిడ లేచి చెయ్యి ఎత్తేది. ఒక వారం తల దాకా, ఇంకో వారం చెవి దాకా, తర్వాత భుజం దాకా. అయినా చప్పట్లు తగ్గలేదు. చెయ్యి దిగిపోతుంటే చూసేవాళ్ళకు కళ్ళుండొద్దా. పొద్దున్నే కుర్చీలు వేసి, నడిమధ్యలో చెయ్యెత్తి, చివర్లో కుర్చీలు మడిచి, ఇంటికొచ్చి గలీబులో చెయ్యి పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకునేది. విశ్రాంతి దినమట.

నా కడుపు మండి ఒక సాయంత్రం పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఆవిడ చెయ్యి పోతుందండీ, ఆ పట్టీ ఇచ్చేయండి, మీరే వేసుకోమని చెప్పండి, మీరు చెబితేనే వింటుంది అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి నీళ్ళిప్పించారు. చెడ్డ మనిషి కాదు. అది ఇంకా ఒళ్ళు మండే విషయం. ఆయన చాలా మెత్తగా, "కోపం పాపం తల్లీ. స్వస్థత అయిపోయింది. నీ అవిశ్వాసమే ఆవిడకు నొప్పై తగులుతోంది" అన్నారు. ఆవిడ భుజం చిరిగినందుకు నేరం చివరికి నా నెత్తిన పడింది. ఇంటికొచ్చి ఆ సంగతి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ, "నిన్ను అన్నాడా" అని మాత్రం అంది.

ఆ తర్వాతి ఆదివారం నాకు సెలవు. కుర్చీలు వేయడానికి ఇద్దరం వెళ్ళాం. పెద్దమ్మ కుడిచెయ్యి ఒంటికి అతుక్కున్నట్టే ఉంది. ఆ రోజు పాస్టరుగారు చెయ్యి ఎండిపోయినవాడి కథ తీసుకున్నారు. విశ్రాంతి దినాన ప్రభువు ప్రార్థన మందిరంలో ఉండగా, అక్కడ చెయ్యి ఎండిపోయిన మనిషి ఒకడుంటాడు. ఈ రోజు బాగుచేస్తాడా, చేస్తే నేరం మోపుదామా అని పెద్దలు కాచుకుని చూస్తుంటారు. ఆయన వాళ్ళందరినీ కోపంగా చూసి, నీ చెయ్యి చాపు అంటాడు, చెయ్యి బాగవుతుంది. పాస్టరుగారు విశ్వాసం గురించి, విధేయత గురించి, చాపడం గురించి చెప్పారు. కోపంగా చూశాడన్న ముక్క దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. నాకు పాపమని చెప్పిన కోపం ప్రభువుకు ఎక్కడిదో, ఎవరి మీదదో చెప్పలేదు.

ప్రసంగం ముగించి, అదిగో మన మధ్యలోనే చాపిన చెయ్యి ఉంది, ఇస్త్రీ అక్కా లేమ్మా అన్నారు. పెద్దమ్మ లేచింది. చెయ్యి కదిలించింది. నడుం దాటి రెండు మూడు వేళ్ళ మేర లేచి ఆగింది. హాలంతా చూస్తోంది. విశ్వాసంతో ఎత్తమ్మా అన్నారు పాస్టరుగారు. ఆవిడ మొహం పాలిపోయింది. నేను లేవబోతుంటే ఎడం చేత్తో నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఆయన ఆ మనిషిని ఒక్కసారే చెయ్యి చాపమన్నాడు అయ్యగారూ" అంది పెద్దమ్మ. "వారం వారం చాపమనలేదు."

ఆవిడ గొంతు పెంచలేదు, దుప్పట్ల గురించి మాట్లాడినట్టే మామూలుగా మాట్లాడింది. "మీరందరూ నాకోసం ప్రార్థన చేశారు, నేను కాదనను. కానీ ఇన్ని కుర్చీలు వేశాను కదా, నువ్వు కూడా కాసేపు కూర్చో అని ఒక్కరూ అనలేదు. నా బిడ్డ ఒక్కతే అంది. దాన్నేమో పాపి అన్నారు."

నన్ను బిడ్డ అనడం అదే మొదటిసారి. తర్వాత ఆవిడ వరసల మధ్య నుంచి వెనక గోడ దగ్గరికి నడిచింది. మేకు ఎత్తులో ఉంది, ఎడంచెయ్యి అందలేదు. ఎవరూ కదల్లేదు. ఆవిడ చివరి వరసలో ఖాళీ కుర్చీ ఒకటి ఈడ్చింది. గచ్చు మీద ఇనుము కీచుమంది. నేను పరుగెత్తి కుర్చీ పట్టుకున్నాను. ఎక్కి పట్టీ తీసుకుంది, దిగింది. దాని మీద దుమ్ము దులిపి, మడత సరిచేసి నా చేతికిచ్చింది. నేను మెడలో వేసి చెయ్యి అందులో పెట్టాను. ఆవిడ అదే కుర్చీలో, ఆ ఖాళీ మేకు కిందే కూర్చుంది. వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పాస్టరుగారు ఏదో పాట ఎత్తుకున్నారు. సగం మంది తలలు మా వైపే తిరిగి ఉన్నాయి. ఆరాధన అయిపోయినా ఆవిడ లేవలేదు. కుర్చీలు కూడా ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఏం చేయాలో తోచక జనం వాటి మధ్య కాసేపు తచ్చాడి ఇళ్ళకు పోయారు.

డాక్టరు ఈసారి ఫిల్ములు వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. మిగతా సగం కూడా చిరిగిపోయింది. పోగు ముడుచుకుపోయింది కాబట్టి ఇప్పుడు కుట్టినా పెద్దగా లాభం లేదన్నాడు. మధ్యలో ఏం చేశారు అని కసిరాడు. పెద్దమ్మ తల వంచుకుంది. నేనే చెప్పాను, మోసింది, ఎత్తింది, చప్పట్లు కొట్టించుకుంది అని. ఇప్పుడు ఆ చెయ్యి రొమ్ము దాకా వస్తుంది, అంతే. అన్నం కలుపుకోగలదు. జడ నేనే వేస్తాను. సూపర్‌వైజర్ విని బూతు ఒకటి వాడి, ఎవరిని తిట్టాడో చెప్పకుండా, తువ్వాళ్ళ బల్ల దగ్గర ఆవిడకు శాశ్వతంగా కుర్చీ వేయించాడు. మెత్త కూడా తెప్పించాడు.

ఇక ఆ హాలు గడప తొక్కొద్దని నేను ఒంటికాలి మీద లేచాను. పెద్దమ్మ వినలేదు. ఆ హాలేమైనా పాస్టరుగారి సొంతమా, వెళ్ళేది ఆయన కోసమా అంది. సరేనని వెంట వెళ్ళాను. ఆ రోజు కుర్చీలు ఎవరో వేసి ఉంచారు, వంకరటింకరగా. ప్రకటనల్లో పాస్టరుగారు గొంతు సవరించుకుని, ఇక మీదట కుర్చీలు శనివారం సాయంత్రమే వంతులవారీగా వేయాలి, సోమవారం పొద్దున కుట్టు క్లాసు మొదలయ్యేలోపు తీయాలి, ప్రభువు దినాన ఎవరూ బరువులు మోసి పని చేయకూడదు అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఇన్నేళ్ళూ పరిచర్య అనిపించుకున్నది వాళ్ళ చేతుల్లోకి వచ్చిన వారానికే పనిగా మారిపోయింది. నాకు లేచి అరవాలనిపించింది. పళ్ళు నూరుకుంటూ పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ ముందు వరసలో, పట్టీలో చెయ్యి పెట్టుకుని, ఎవరో వేసిన కుర్చీలో నిమ్మళంగా కూర్చుంది.

నీకు కోపం రాదా అని చెవిలో అడిగాను.

"వస్తుందే, ఎందుకు రాదు" అంది పెద్దమ్మ. "నా వంతు కూడా నువ్వే కోప్పడు. నన్ను కాసేపు కూర్చోనీ."